పొట్ట ఎవరి పోలిక? టేపుతో, పెళ్లి ఆల్బంతో, ఒక రక్తపరీక్షతో తేల్చుకునే విధానం

నా ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, లెక్కేస్తే 22.8 వస్తుంది. ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో ఆ అంకె పక్కన పచ్చ రంగులో 'నార్మల్' అని ప్రింటై వచ్చింది, నేను కూడా ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మధ్యాహ్నం క్యాంటీన్లో డబుల్ అన్నం తిన్నాను. వారానికి రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే కొవ్వు) 212, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, పరగడుపు షుగర్ 108, మూడూ హద్దు తప్పినవే. శాంపిళ్లు తారుమారయ్యాయేమో అని ఇంకోచోట మళ్లీ రక్తం ఇచ్చాను, అవే అంకెలు ఓ రెండు మూడు అటూఇటుగా.

మా అక్క బరువు 78 కిలోలు, ఎత్తు నాకంటే పది సెంటీమీటర్లు తక్కువ. చిన్నప్పటి నుంచి తొడలు, పిరుదులు భారీగా ఉండే మనిషి, పెళ్లిచూపుల్లో దాని గురించి మాటలు కూడా పడింది. తన రిపోర్టు చూస్తే అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒకే అమ్మానాన్న, ఒకే వంటిల్లు, ఒకే సోనామసూరి బియ్యం. మరి ఈ తేడా ఎక్కడిది?

ఆ ప్రశ్న పట్టుకుని చదివిందీ, డాక్టర్ను అడిగి తెలుసుకున్నదీ, నా మీద నేను చేసుకున్నదీ కలిపి రాస్తున్నాను. మీరు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన బాపతు అయితే ఇది మీకోసమే. లావుగా ఉండి అందరి చేతా మాటలు పడుతూ రిపోర్టులు మాత్రం బాగుండే బాపతు అయినా చదవండి, కాస్త ఊరట దొరుకుతుంది.

ముందు సంపు సంగతి

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి సంపు గురించి చెప్పక్కర్లేదు. రోజు విడిచి రోజు నల్లా వస్తుంది, సంపు నిండుతుంది, వాచ్‌మన్ వాల్వు కట్టడం మర్చిపోతే నీళ్లు పొంగి సెల్లార్లోకి పోతాయి. పది వేల లీటర్ల సంపు ఉన్న అపార్ట్‌మెంట్‌లో గంటసేపు నల్లా వదిలేసినా ఏం కాదు, రెండు వేల లీటర్ల సంపు ఉన్న ఇంట్లో అదే గంటకి సెల్లార్లో బైకులు మునుగుతాయి.

ఒంట్లో కొవ్వుదీ అదే కథ. చర్మం కింద, ముఖ్యంగా తొడల్లో, పిరుదుల్లో ఉండే కొవ్వు కణాలు మన సంపు. తిన్నదాంట్లో మిగిలింది అక్కడ చేరినంతవరకూ పెద్దగా హాని లేదు, ఒకరకంగా అది రక్షణే. ఆ చోటు చాలకపోతే మిగులు కొవ్వు పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో, క్లోమంలో చేరుతుంది. అది సెల్లార్. అక్కడ నీళ్లు నిలిస్తే ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు, కాలేయం అదేపనిగా ట్రైగ్లిజరైడ్స్ రక్తంలోకి తోస్తుంది, హెచ్‌డీఎల్ పడిపోతుంది, తర్వాత షుగర్.

సంపు ఎంత పెద్దదో చాలావరకు పుట్టుకతోనే వస్తుంది. కవల పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో, నడుముకీ పిరుదులకీ ఉండే నిష్పత్తిలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాలో సుమారు 30 నుంచి 60 శాతం దాకా వారసత్వానిదే అని తేలింది. నల్లా ఎంతసేపు వదలాలనేది మాత్రం మన చేతిలో పని. మా అక్కది పెద్ద సంపు, నాది చిన్నది, అంతే తేడా. మీది ఏదో కనుక్కోవడానికి మూడు పనులు చేయాలి.

టేపు

దర్జీ టేపు తీసుకోండి, ఇంచులు కాకుండా సెంటీమీటర్లు ఉన్న వైపు. నేను అమ్మ కుట్టుమిషన్ డబ్బాలోంచి తీశాను. కొలిచేది ప్యాంటు కట్టుకునే చోట కాదు, ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన మగవాళ్లలో సగం మంది బెల్టును పొట్ట కిందకి దించి కట్టుకుని 'నాది ఇరవై ఏళ్లుగా ముప్పై నాలుగే' అని మోసపోతుంటారు. కింది పక్కటెముక చివర ఎక్కడుందో వేలితో తడుముకోండి, తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో చూసుకోండి, ఈ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. వెనక టేపు జారి వంకరగా ఉండకూడదు, కాబట్టి అద్దం ముందు నిలబడండి లేదా ఇంట్లోవాళ్లని పట్టుకోమనండి. మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. పొట్ట లోపలికి లాగొద్దు, ఫొటో కాదు కదా. పొద్దున్నే, ఏమీ తినకముందు, మూడు రోజులు కొలిచి మధ్య అంకె తీసుకుంటే చాలు.

తర్వాత పిరుదుల దగ్గర, అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట ఇంకో కొలత.

మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80. భారతీయులకి వాడే హద్దులివి, తెల్లవాళ్లకి పెట్టినవాటికంటే తక్కువ. ఇంకా సులువైనది కావాలంటే నడుము మీ ఎత్తులో సగం దాటకూడదు. నా ఎత్తులో సగం 85, నా నడుము 94 ఉండింది. నడుమును పిరుదుల కొలతతో భాగిస్తే మగవాళ్లకి 0.90, ఆడవాళ్లకి 0.85 లోపు ఉండాలి. నాది 94 బై 92, అంటే ఒకటి దాటిపోయింది. బీఎంఐ 'నార్మల్' మనిషికి ఇదీ పరిస్థితి. నిజానికి బీఎంఐ కూడా మనకి 23 దాటితే జాగ్రత్త పడాలి, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. చాలా యంత్రాల్లో ఇంకా పాత 25, 30 హద్దులే ఉంటాయి కాబట్టి వాటి పచ్చ రంగును నమ్ముకోవద్దు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతటా చేసిన ఇండియాబ్ సర్వే 2023లో వచ్చింది. బీఎంఐ ప్రకారం ఊబకాయం ఉన్నవాళ్లు 28.6 శాతం, పొట్ట కొలత ప్రకారం 39.5 శాతం. అంటే తూకం యంత్రం పట్టుకోలేనివాళ్లని టేపు పట్టుకుంటోంది.

పెళ్లి ఆల్బం

ఇది నాకు బాగా నచ్చిన భాగం. ఇంట్లో 'షుగర్ ఎవరికుంది' అని అడిగితే 'అందరికీ ఉంది, వయసొచ్చాక రాదా' అంటారు, దాంతో ఏమీ తేలదు. ప్రశ్నలు మార్చి అడగాలి. ఎవరికి ఏ వయసులో వచ్చింది? ఆ టైముకి మనిషి ఎలా ఉండేవాడు? లావు ఎక్కడ పట్టింది? గుండెపోటు మగవాళ్లకి 55 లోపు, ఆడవాళ్లకి 65 లోపు ఎవరికైనా వచ్చిందా? కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పు తర్వాత పోయిందని ఎవరైనా చెబుతారా? తాగుడు అలవాటు లేకుండానే లివర్ పాడైందని ఎవరి గురించైనా విన్నారా?

మాటల కంటే పాత ఫొటోలు నిజం చెబుతాయి. మా చిన్నాన్న పెళ్లి ఆల్బం ముందేసుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. నాన్న, చిన్నాన్న, తాత ముగ్గురూ ముప్పై, యాభై వయసుల్లో ఒకే అచ్చు. సన్నటి కాళ్లు, సన్నటి చేతులు, పంచె మీద చిన్న కుండలా పొట్ట. ముగ్గురికీ నలభై అయిదు లోపే షుగర్. అటువైపు అమ్మమ్మ, పెద్దమ్మలు నిండైన మనుషులు, నడుము కింద భారీ, అమ్మమ్మ ఎనభై ఒకటి దాకా మిఠాయి తింటూనే బతికింది. 'నువ్వు మీ నాన్న పోలికరా, అది మా అమ్మ పోలిక' అని అమ్మ ఎప్పటి నుంచో అంటూనే ఉంది, ముక్కు గురించి అనుకున్నాను.

మేనరికం చేసుకున్న ఇళ్లలో ఈ అమ్మవైపు, నాన్నవైపు అనే లెక్క కలగాపులగం అవుతుంది, మేనమామ కూతురే భార్య అయితే పిల్లలకి రెండువైపుల నుంచీ ఒకే ముత్తాత వస్తాడు. అలాంటప్పుడు వైపులు వదిలేసి, మనుషుల్ని ఒక్కొక్కరినీ రాసుకోండి. ఒక తెల్లకాగితం చాలు: పేరు, ఒంటితీరు, జబ్బు వచ్చిన వయసు.

ఈ పోలిక వెనక ఏముంది?

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే యూట్యూబ్‌లో 'ఫ్యాట్ జీన్' అని ఒకే ఒక్క జన్యువు మీద నెపం వేసేస్తుంటారు. ఒక్క జన్యువుతో తేలిపోయే లావు ఎలుకల్లో ఉంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎలుకల కాలనీలో సహజంగానే పుట్టుకొచ్చిన ఒక లావు ఎలుకల జాతి ఉంది, మారిన జన్యువు రెండు కాపీలూ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) ఉంటే బాగా లావు, ఒకటే ఉంటే మధ్యస్థం. మనుషుల్లో అలాంటివి అరుదు. మామూలు పొట్ట వెనక వందల జన్యువులు, ఒక్కొక్కటి చిటికెడంత ప్రభావంతో.

వాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి, ఎంత తింటామో నిర్ణయించేవి, ఇవి ఎక్కువగా మెదడులో, ఆకలి మీద పనిచేస్తాయి. 2007లో బయటపడిన ఎఫ్‌టీఓ ఈ కోవలోదే, యూరోపియన్లలో దాని రిస్కు రకం రెండు కాపీలూ ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే సగటున 3 కిలోలు ఎక్కువ బరువున్నారు. రెండోది, తిన్నది ఎక్కడ దాచాలో నిర్ణయించేవి. ఇవి కొవ్వు కణజాలంలోనే పనిచేస్తాయి: కొత్త కొవ్వు కణాలు ఎన్ని పుడతాయి, ఉన్నవి ఎంత ఉబ్బుతాయి లాంటివి. యూరప్ మూలాలున్న సుమారు 7 లక్షల మంది మీద చేసిన ఒక పెద్ద విశ్లేషణలో నడుము–పిరుదుల నిష్పత్తితో ముడిపడిన చోట్లు మన జన్యువుల్లో 346 దొరికాయి. ఆడామగా తేడా చూపించినవాటిలో దాదాపు అన్నీ ఆడవాళ్లలోనే బలంగా పనిచేశాయి. కేఎల్‌ఎఫ్14 అనే జన్యువైతే మరీ విచిత్రం, దాని ప్రభావం అమ్మ నుంచి వచ్చిన కాపీదే, నాన్న నుంచి వచ్చింది నోరెత్తదు. రిస్కు రకం ఉన్న ఆడవాళ్లలో కొవ్వు పిరుదుల నుంచి పొట్టవైపు మళ్లుతుంది, షుగర్ ముప్పు పెరుగుతుంది.

నాలాంటివాళ్ల కథ ఐఆర్‌ఎస్1 అనే జన్యువు దగ్గర ఉంది. అక్కడ ఒక రకం ఉన్నవాళ్లకి ఒంట్లో కొవ్వు శాతం తక్కువ. వినడానికి వరంలా ఉంది కదా? కానీ వాళ్లకే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, షుగర్ ఎక్కువ. ముఖ్యంగా మగవాళ్లలో. 2017లో ఇన్సులిన్ రెసిస్టెన్స్‌తో (ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడంతో) ముడిపడిన 53 చోట్లను ఒకచోట చేర్చి చూస్తే, ఆ రిస్కు రకాలు ఎక్కువగా ఉన్నవాళ్ల కాళ్లలో కొవ్వు తక్కువగా తేలింది. చిన్న సంపు అంటే ఇదే. దీనికి అద్దంలా, కొవ్వును పెంచుతూనే షుగర్ ముప్పును తగ్గించే జన్యు రకాలు కూడా ఉన్నాయి, మా అక్క రిపోర్టు చూస్తే నాకు అవే గుర్తొస్తాయి.

మనవాళ్ల సంగతి వేరేగా చెప్పాలి. పుణెలోని కేఈఎం హాస్పిటల్ డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌లోని తన మిత్రుడు జాన్ యడ్కిన్‌తో కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేయించారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. ఇది వయసుతో వచ్చిన తేడా కూడా కాదు. పుణె పల్లెల్లో పుట్టిన పిల్లలు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలు 3.5 కిలోలు. మన పిల్లల కండ తక్కువ, పొట్ట తక్కువ, కానీ వీపు మీద చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. పుట్టేటప్పుడే సన్నగా ఉండి కొవ్వు దాచుకున్న ఒళ్లు.

అది జన్యువా, తల్లి కడుపులో దొరికిన తిండా అంటే రెండూ. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో 1987–90 మధ్య పోషకాహార సంస్థవాళ్లు ఒక పని చేశారు, కొన్ని ఊళ్లలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అంగన్‌వాడీ ద్వారా రోజూ ఉప్మా అందింది, పక్క ఊళ్లలో అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ పిల్లలకి 13–18 ఏళ్లు వచ్చాక చూస్తే, ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవు, ఇన్సులిన్ రెసిస్టెన్స్ 20 శాతం తక్కువ. జన్యువులు అవే, ఊళ్లు పక్కపక్కనే. తాతల కరువు మన పొట్టలో ఎంత ఉందో అని నాకు అనుమానం వస్తుంటుంది, అది వేరే సంగతి.

ఇవన్నీ చదివి 'నా జీన్స్ అంతే' అని కుర్చీలో వెనక్కి వాలకండి. 2008లో ఎంసీ4ఆర్ అనే జన్యువు దగ్గర దొరికిన ఒక రకం భారతీయుల్లో యూరోపియన్లకంటే ఎక్కువగా ఉంది, రెండు కాపీలూ ఉన్నవాళ్లకి నడుము ఎంత పెరుగుతుందో తెలుసా? సుమారు 2 సెంటీమీటర్లు. నాకు ఎత్తులో సగం దాటి 9 ఉంది. మిగతా ఏడు దేని ఖాతాలో రాయాలి?

రక్తపరీక్ష

నాలుగువేల ప్యాకేజీలు అక్కర్లేదు. పన్నెండు గంటలు ఏమీ తినకుండా లిపిడ్ ప్రొఫైల్, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), ఎస్‌జీపీటీ (కాలేయం పరీక్ష), వీటితోపాటు బీపీ. ఎస్‌జీపీటీ ఎక్కువుంటే లేదా నడుము హద్దు దాటితే పొట్ట స్కానింగ్ ఒకసారి, ఫ్యాటీ లివర్ ఉందేమో తెలుస్తుంది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే చూసి తీర్మానానికి రావొద్దు, ఐరన్ తక్కువుంటే అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, కాబట్టి పరగడుపు షుగర్, తిన్నాక షుగర్ కూడా చూడాలి.

రిపోర్టు చేతికి రాగానే అందరూ టోటల్ కొలెస్ట్రాల్ దగ్గరికి పోతారు. మనవాళ్లలో చాలాసార్లు అది బుద్ధిమంతుడిలా 180 దగ్గర కూర్చుని ఉంటుంది. దాని కింద చూడండి: ట్రైగ్లిజరైడ్స్ 150 దాటిందా, హెచ్‌డీఎల్ మగవాళ్లకి 40, ఆడవాళ్లకి 50 కంటే తగ్గిందా. సెల్లార్లో నీళ్లు చేరాయనడానికి మొదటి తడి ఇక్కడే కనిపిస్తుంది. నడుము, ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్, బీపీ 130/85, పరగడుపు షుగర్ 100 – ఈ ఐదింటిలో మూడు హద్దు దాటితే దాన్నే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. నాకు నాలుగు తగిలాయి. బీపీ ఒక్కటే మిగిలింది, అది కూడా ట్రాఫిక్‌లో చూడలేదు కాబట్టి.

ఒక్క హెచ్చరిక. ఎవరికైనా యవ్వనం నుంచే చేతులు, కాళ్లలో కొవ్వు బొత్తిగా లేకుండా నరాలు, కండలు తేలి కనిపిస్తూ, మొహం, మెడ మాత్రం నిండుగా ఉండి, ట్రైగ్లిజరైడ్స్ 500 దాటి, చిన్న వయసులోనే షుగర్ వచ్చి, మెడ వెనక చర్మం నల్లగా మందంగా మారితే, ఇంట్లో ఇంకెవరికైనా అదే తీరు ఉంటే, ఇది మామూలు పొట్ట కథ కాదు. లైపోడిస్ట్రఫీ అని అరుదైన జబ్బు, ఎల్‌ఎంఎన్‌ఏ, పీపీఏఆర్‌జీ లాంటి ఒక్కో జన్యువులో లోపం వల్ల వస్తుంది. ఆడవాళ్లలో స్పష్టంగా తెలుస్తుంది, మగవాళ్లయితే 'ఏం బాడీరా' అని మెచ్చుకుంటారు తప్ప ఎవరూ అనుమానపడరు. ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి. జన్యు పరీక్షకి డబ్బు పెట్టడంలో అర్థం ఉన్నది ఇలాంటి చోటే.

మిగతావాళ్లకి ఇంటికొచ్చే ఉమ్మి డబ్బా కిట్లు ఎందుకు వద్దంటానంటే, సామాన్య పొట్టకి వాడే జన్యు స్కోర్లలో ఎక్కువ భాగం యూరోపియన్ల డేటాతో తయారైనవి, మన దగ్గర వాటి గురి తప్పుతుంది. మన జన్యువుల మీద పని జరగడం లేదని కాదు, హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ 2007లోనే టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువు రకాలకీ మనవాళ్ల షుగర్‌కీ గట్టి సంబంధం ఉందని చూపించింది. అది పరిశోధన. నాకూ మీకూ ఆ కిట్టు చెప్పేది 'మీకు రిస్కు ఎక్కువ, నడవండి' అని. అది పెళ్లి ఆల్బం ఉచితంగా చెప్పింది.

ఇప్పుడు ఏం చేయాలి

టేపు, ఆల్బం, రిపోర్టు మూడూ పక్కపక్కన పెట్టుకోండి. మా అక్కలా కింద భారీగా ఉండి, నడుము అదుపులో ఉండి, రిపోర్టు శుభ్రంగా ఉంటే తొడలు కరిగించాలని కడుపు మాడ్చుకోకండి. మోకాళ్ల కోసం, ఓపిక కోసం బరువు తగ్గితే మంచిదే, కానీ భయపడి చేయాల్సిన పని కాదు. ఏడాదికోసారి పరీక్ష మాత్రం మానొద్దు, ఎందుకంటే పెద్ద సంపు కూడా ఏదో ఒకరోజు నిండుతుంది, నెలసరి ఆగే వయసులో కొవ్వు దారి మార్చి పొట్టవైపు వస్తుంది.

నాలా సన్నగా ఉండి రిపోర్టు చెడినవాళ్లు ఎక్కువ పట్టించుకోవాలి. మనకి ఎవరూ తగ్గమని చెప్పరు, పైగా 'ఇంకేం తగ్గుతావురా, గాలొస్తే ఎగిరిపోతావు' అంటారు. కానీ చిన్న సంపుకి ఒక మేలు ఉంది, కొంచెం నీళ్లు తోడితే చాలు సెల్లార్ ఆరుతుంది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో రాయ్ టేలర్ బృందం పెద్దగా లావు లేని 20 మంది షుగర్ పేషెంట్ల చేత బరువు 10–15 శాతం తగ్గించే ప్రయత్నం చేయిస్తే 14 మందికి మందులు ఆపేశాక కూడా షుగర్ అదుపులో ఉంది. చిన్న అధ్యయనమే, అయినా దారి చూపిస్తుంది. మీకు ఇరవై ఏళ్లు ఉన్నప్పటి బరువు గుర్తు తెచ్చుకోండి, అప్పుడు మరీ లావు కాకపోతే అదే మీ గమ్యం. నాది 59. అంటే 'నార్మల్'గా కనిపిస్తూనే ఏడు కిలోలు అదనంగా మోశాను.

షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టర్‌కి చెప్పండి, లేదంటే షుగర్ పడిపోతుంది.

పొట్ట ఒక్కచోటే కరిగించే వ్యాయామం లేదు. వంద సిట్‌అప్స్ చేస్తే పొట్ట కండ గట్టిపడుతుంది, దాని లోపలి కొవ్వు ఆ వంద చూసి కదలదు. చెమట బెల్టులు చెమట పట్టించడానికే. శుభవార్త ఏంటంటే మొత్తం మీద తగ్గడం మొదలైతే లోపలి కొవ్వు, కాలేయం కొవ్వు ముందుగా కదులుతాయి, కాబట్టి తూకంలో రెండు కిలోలు తగ్గినప్పుడే ట్రైగ్లిజరైడ్స్‌లో తేడా కనిపించొచ్చు.

నేను చేసింది పెద్ద గొప్పేం కాదు. రాత్రి అన్నం సగానికి తగ్గించాను. తార్నాక పోషకాహార సంస్థ చెప్పే పళ్లెం లెక్కలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలి, మన పళ్లెంలో మూడొంతులు అన్నం, అంచున కూర నంజుకోవడానికి. ఆ లెక్క తిరగేశాను. రోడ్డుపక్కన పెనం మీద కాల్చే జొన్నరొట్టె మంచిదే, కానీ 'షుగర్‌కి మంచిదట' అని నాలుగు తింటే అది కూడా పిండే. పప్పు చిక్కగా, రెండు గుడ్లు, సాయంత్రం మిర్చీ బజ్జీకి బదులు ఉడికించిన శనగ గుగ్గిళ్లు. ఇరానీ చాయ్ రోజుకి నాలుగు ఉండేవి, ఒకటికి దిగాను, ఉస్మానియా బిస్కెట్ మాత్రం ఆదివారం ఉంది, అది తీసేస్తే ఊరు వదిలేసినట్టే. మందు అలవాటున్నవాళ్లకి మొదట ఆపాల్సింది అదే, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నప్పుడు అది పెట్రోలు. సిగరెట్ సన్నగా ఉంచుతుందని నమ్మేవాళ్లకి ఒక మాట, పొగతాగేవాళ్లలో బరువు తక్కువున్నా కొవ్వు పొట్ట దగ్గరే ఎక్కువ చేరుతుంది.

నడక తిన్న తర్వాత పెట్టుకోండి, పదిహేను నిమిషాలైనా సరే. కేబీఆర్ పార్కు దాకా కారులో వెళ్లి నడిచేంత టైము లేకపోతే సెల్లార్లోనే చుట్లు కొట్టండి. దాంతోపాటు కాళ్లకి కండ పెంచే పని తప్పకుండా కావాలి, ఎందుకంటే తిన్న చక్కెరను ఎక్కువగా లాక్కునేది కండ, మనకి పుట్టుకతో తక్కువున్నదీ అదే. నేను వారానికి మూడుసార్లు దండీలు, బస్కీలు తీస్తున్నాను, తాత తీసినవే, ఆ పహిల్వాన్ కసరత్తులకే పేర్లు మార్చి జిమ్‌లో వేలు తీసుకుంటున్నారు. ఎఫ్‌టీఓ రిస్కు రకం మీద 2011లో రెండు లక్షల మందికి పైగా డేటా చూస్తే, ఒళ్లు కదిలించేవాళ్లలో ఆ జన్యువు ఊబకాయం ముప్పు పెంచే బలం నాలుగో వంతుకి పైగా తగ్గింది. చెన్నైలో రామచంద్రన్ బృందం 2006లో చూపించింది ఇంకా ముఖ్యం: షుగర్ అంచున ఉన్నవాళ్లు నడక, తిండి మార్చుకుంటే మూడేళ్లలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది, బరువు మాత్రం పెద్దగా మారకుండానే. అందుకే తూకం కదలడం లేదని నెల రోజులకే వదిలేయకండి.

నైట్ షిఫ్టులవాళ్ల సంగతి నాకు తెలుసు, నేనూ రెండేళ్లు చేశాను. షిఫ్టు మార్చుకోలేకపోతే కనీసం అర్ధరాత్రి బిర్యానీ ఆర్డరు మానండి, నిద్ర ఏడు గంటలు పగలైనా పూర్తి చేయండి.

టేపు నెలకోసారి, ఒకే రోజు, ఒకే చోట. రక్తం మూడు నెలలకోసారి. మధ్యలో కొలిస్తే టెన్షన్ తప్ప ఏమీ రాదు. ఆర్నెల్లు చేసినా ట్రైగ్లిజరైడ్స్, షుగర్ దిగకపోతే మందుల గురించి డాక్టర్‌తో మాట్లాడండి, అందులో ఓటమి ఏమీ లేదు, కొన్ని సంపులు మరీ చిన్నవి.

నాకు ఏడు నెలలైంది. బరువు 61.5, నడుము 87, ట్రైగ్లిజరైడ్స్ 141, పరగడుపు షుగర్ 97. హెచ్‌డీఎల్ 38 దగ్గర మొండికేసి కూర్చుంది, నాన్నది ఎప్పుడూ 36 దాటలేదట, కాబట్టి దాని మీద ఎక్కువ ఆశలు పెట్టుకోలేదు. అంకెలన్నీ వంటింటి క్యాలెండర్ వెనక రాసి ఉన్నాయి, తర్వాతి రక్తం దసరా అయ్యాక. టేపు మాత్రం ఇంట్లో లేదు. పోయిన నెల అక్క వచ్చినప్పుడు, 'బరువు అంతే ఉందిరా, జాకెట్లు మాత్రం నడుము దగ్గర పట్టడం లేదు' అంది. వయసు నలభై ఏడు, నెలసరి తప్పుతోంది. కొలిస్తే 86 వచ్చింది. ఏమీ మాట్లాడకుండా టేపు చుట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని వెళ్లిపోయింది, అమ్మ కుట్టుమిషన్ దగ్గర దానికోసం వెతుకుతూ ఇప్పటికి రెండుసార్లు నన్నే తిట్టింది.